ప్రతిఫలము గోరని పురశిల్పులు

మన శిల్పశాస్త్రములు నిర్మాణకార్యమునకు నలువురిని నియమించినవి. స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని వారికి పేర్లు. స్థపతి సర్వము నెఱిగి పనినంతయు నడపువాడు. సూత్రగ్రాహి కొలతలు పట్టువాడు. వర్ధకి అంగములను కూర్చువాడు. తక్షకుడు కొయ్యను, రాతిని చెక్కువాడు. మానసారము గ్రామములను దండకము, సర్వతోభద్రము, నంద్యావర్తము, పద్మకము, స్వస్తికము, ప్రస్తరము, కార్ముకము, చతుర్ముఖము అని యెనిమిది విధములుగ విభజించి చెప్పినది. శిల్పవృత్తి వంశాగతముగ గల మనవారికి ఈ పేర్లు క్రొత్తవి కావు.

అయితే ఆ గ్రంథములయందు శిల్పికి యజమాని యెవడన్న సందేహము పుట్టదు. రాజు నగరము కట్టించును. భక్తుడు ఆలయము కట్టించును. కట్టించినవాడే యజమాని. వాని యభీష్టము నెఱిగి, శాస్త్రము తప్పక పని నెఱవేర్చి, సత్కారము పొంది శిల్పి సెలవు గొనును. నేటి పట్టణమున ఈ యేర్పాటు చెల్లదు. ఇల్లు ఒకనిది; వీధి మునిసిపాలిటీది; రాజమార్గము ప్రభుత్వముది; అంగడి బాడుగకున్నవానిది. వీధిని వెడల్పు చేయవలెనని వర్తకుడు కోరును. ఆ వీధిలోనే రెండుగదుల యింట నున్న వితంతువు తన గోడ కూలునని దుఃఖించును. ఇట్టిచోట సలహా చెప్పవచ్చిన శిల్పి యెవనిని యజమానిగ నెంచవలెను? సొమ్మిచ్చువాని మాటయే శిల్పి నోట వచ్చునని జనులు శంకించినచో, ఆ శంకను తీర్చు విధమెట్లు?

ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రముల శిల్పులు 1967 వ సంవత్సరమున ఒక సమాధానము కనుగొనిరి. దాని చరిత్రను మన సభ్యమహాశయులకును, పోషకులకును విన్నవించుట ఈ వ్యాసోద్దేశము. దూరదేశపు కథ మనకేలయని కొందఱనవచ్చును. ఉలి, సుత్తి పట్టిన తాతలకు మనుమలైన ఇంజనీర్లును, ఆర్కిటెక్టులును నేడు మనలో పలువురున్నారు. వారి విద్యకు వెలగట్టు మార్గములు వారెఱుగుదురు. వెల గట్టక యిచ్చుటకును ఒక పద్ధతి కలదని, అది యంత సులభము కాదని చూపుటకే మేమీ విషయమును గైకొంటిమి.

ఆ కాలమున ఆ దేశపు పట్టణముల స్థితి యెట్టిదో ముందు చెప్పవలెను. 1949 వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము ఒక గృహనిర్మాణ శాసనము చేసెను. శిథిలములై, ఇరుకై యున్న పేటలను పట్టణాధికారులు కొని, పడగొట్టి, ఆ స్థలమున క్రొత్త నిర్మాణములకు చోటు కల్పించుటకు కేంద్రధనము లభించునట్లు అందు ఏర్పరచిరి. ఉద్దేశము మంచిదే. కాని శిథిలమనగా నేమో నిర్ణయించువారు ఆ పేటలో నుండువారు కారు. బోస్టను నగరమున వెస్ట్ ఎండ్ అను పేట యుండెను. ఇటలీనుండియు, తక్కిన దేశములనుండియు వచ్చి స్థిరపడిన సామాన్యజనులు అందు వసించుచుండిరి. 1958 మొదలు 1960 వఱకు ఆ పేట నేలమట్టమయ్యెను. ఇళ్లు పోవుటయే కాదు. ఇరుగుపొరుగు పోయినది, కొట్లలో అరువు పుట్టుట పోయినది. 1956 నాటి రాజమార్గ శాసనముతో పెద్దదారులు అనేక నగరముల నడుబొడ్డునుండి చీల్చుకొని పోయెను. వీనికెల్లను పటములు గీసినవారు విద్యావంతులైన శిల్పులే. కావున శిల్పియనిన జనులకు భయము గలిగెననుట వింత కాదు.

దీనిని ఎదిరించి జేన్ జేకబ్స్ అను నామె 1961 లో అమెరికా మహానగరముల జీవన్మరణములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె శిల్పి కాదు, పత్రికారచయిత్రి. వీధిలో నడచి, కనులు తెఱచి చూచుటయే ఆమె శాస్త్రము. 1964 లో న్యూయార్కునందలి హార్లెమ్ పేటలో కొందఱు శిల్పులు ఒక సంఘముగ నేర్పడి, ఆ పేటయందలి నీగ్రో ప్రజల పక్షమున పటములు గీసి, మునిసిపాలిటీ పటములకు బదులు చెప్ప మొదలిడిరి. ఆ మాట నేడు మర్యాద కాదు గావున ఇకముందు నల్లజాతివారని వ్రాయుదుము.

ఇక 1967. దక్షిణ డకోటా రాష్ట్రమున బ్లాక్ హిల్స్ అను కొండల తూర్పుపాదమున ర్యాపిడ్ సిటీ అను పట్టణము గలదు. దాని నడుమ ఒక యేఱు పారుచున్నది. ఆ పట్టణపు వర్తకసంఘాధ్యక్షుడు వేఱొక పనిమీద రాజధాని యగు వాషింగ్టనునకు పోయి, అచ్చట శిల్పులసంఘ కార్యాలయమునకు వెళ్లి, తమ యూరి కష్టసుఖములను చెప్పుకొనెను. ఆ సంఘము పేరు అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్. 1857 లో స్థాపితము. కార్యాలయమువారు విని ఊరకుండక, ఇద్దఱు శిల్పులను, ఇద్దఱు పురయోజనజ్ఞులను ఆ పట్టణమునకు పంపిరి. వారు అధికారులతోను, వర్తకులతోను, సామాన్యులతోను మాటలాడి, తమ యభిప్రాయమును వ్రాసియిచ్చిరి. ఇంతకుమించి ఆ మొదటి యాత్రలో విశేషము లేదు. కాని తమ యూరిగూర్చి తామే కూర్చుండి మాటలాడుకొను తలంపు ఆ పట్టణవాసులకు కలిగెను. వార్త ప్రాకి, ఇతర పట్టణములును మాకును పంపుడని వ్రాయసాగెను. నాటినుండి నూటయేబదికి మించిన పట్టణములకును, మండలములకును ఇట్టి బృందములు వెళ్లినవి. మండల, పుర రూపకల్పనకు తోడ్పడు బృందమను నర్థమిచ్చు ఆంగ్లపదముల తొలియక్షరములను గూర్చి దీనిని ఆర్‌యూడాట్ అని పిలుతురు. పేరు చెవికింపు కాదు, పని మంచిది.

మొట్టమొదటి యాత్రలో మాకు ముఖ్యమని తోచినది నివేదిక కాదు. పిలుపు పట్టణమునుండి వచ్చినది. శిల్పులు తమంత తామై పోలేదు. తరువాత నియమములు దీనినే మూలస్తంభముగ గైకొనెను. పట్టణము అర్జీ పెట్టవలెను. ఆ యర్జీ మునిసిపల్ అధ్యక్షునిదో, వర్తకులదో మాత్రమై యుండరాదు. విద్యాలయములు, దేవాలయములు, పేటసంఘములు, అధికారులు కలిసి ఒక స్థానికసంఘముగ నేర్పడి పిలువవలెను. ఒకరినొకరు చూచిన మొగము త్రిప్పుకొనువారు ఈ యర్జీ వ్రాయుటకై ఒకే బల్ల చుట్టు కూర్చుండవలసివచ్చును. పనిలో సగము అచ్చటనే జరుగునని మా తలంపు.

రెండవ నియమము: పోవువారు జీతము గొనరు. రైలు, విమానపు ఖర్చులు, బస, భోజనము పట్టణము భరించును; వారి శ్రమకు మాత్రము దమ్మిడీ లేదు. మూడవది దీనికంటె కఠినము. తాము చెప్పిన సలహా ఫలించి, ఆ పట్టణమున భవనములు లేచినచో, ఆ నిర్మాణములలో ఏ యొక్కదానిని తాము గైకొనమని వారు ముందుగనే ఒప్పుకొనవలెను. వైద్యునికి ఔషధశాల యుండరాదనుట వంటిది ఈ నియమము. జీతము గొనకుండుట గొప్ప త్యాగముగ లోకము పొగడును. నాలుగుదినముల జీతమును వదలుకొనుట సంపన్నుడైన శిల్పికి కష్టము కాదు; అది విత్తనము వంటిది, రేపటి పెద్దపనికి పెట్టుబడిగను ఉండవచ్చును. రేపటి పనినే వదలుకొనెదనని ముందుగ చెప్పుటలో అసలు త్యాగమున్నది. వంతెన కట్టుడనువానికి వంతెనకాంట్రాక్టు రాదని తెలిసినప్పుడు, వాని మాటను ఊరివారు వేఱుచెవితో విందురు. ఈ చరిత్రయందలి ఫలముల కెల్ల ఈ మూడవ నియమమే మూలమని మేము నమ్ముచున్నాము.

నాలుగవది, ఆ బృందమున నొక్కరును ఆ పట్టణపువారు కారాదు. బంధుత్వము లేదు, పగ లేదు, భూమి లేదు. శిల్పులేకాక పురయోజనజ్ఞులు, తోటలు తీర్చువారు, అర్థశాస్త్రజ్ఞులు, న్యాయవాదులు, ఒక్కొక్కచోట చరిత్రకారులును ఉందురు. మన నలువురు శిల్పులకును వీరికిని పోలిక చెప్పవలెనని మనస్సు త్వరపడును గాని, పోలిక కొంతవఱకే చెల్లును. సూత్రగ్రాహి స్థపతికి లోబడినవాడు. ఇచ్చట అర్థశాస్త్రజ్ఞుడు శిల్పితో వాదించును, అవసరమైన ఓడించును.

కార్యక్రమము నాలుగుదినములు. అంతకు కొన్నినెలల ముందు బృందనాయకుడు వచ్చి ఊరు చూచి, ఎట్టివారు కావలయునో నిశ్చయించి పోవును. పిమ్మట బృందము దిగును. మొదట ఊరంతయు తిరిగి చూచుట. కొన్నిచోట్ల విమానమునుండి చూచుటయు కలదు. తరువాత బహిరంగసభ. ఎవడైనను లేచి తన గోడు చెప్పుకొనవచ్చును. అధికారి చెప్పినదియు, రొట్టెలమ్మువాడు చెప్పినదియు ఒకే కాగితముపై వ్రాయబడును. సమీపపు శిల్పకళాశాల విద్యార్థులు వచ్చి పటములు గీయుటకు సాయపడుదురు. ఆ పిమ్మట తలుపులు మూసికొని వాదోపవాదములు. చివరి రాత్రి నిద్ర లేదు. తెల్లవాఱునప్పటికి పుస్తకము అచ్చునకు పోవును. ఆ సాయంకాలమే పౌరసభలో చిత్రపటములతో వినిపించి, ప్రతులను పంచి, బృందము వెడలిపోవును. ఏడాదియో, మఱికొంత కాలమో గడచిన తరువాత కొందఱు తిరిగివచ్చి ఏమి జరిగినదో విచారింతురు. నివేదికను గుప్తముగ అధికారి చేతిలో పెట్టి పోవు ఆచారమునకు ఇది పూర్తిగ విరుద్ధము. సొరుగులో దాచిన కాగితమునకు చెదలు తెలియును గాని ఊరు తెలియదు.

ఈ యుద్యమము మొదలైన మఱుసటియేడు శిల్పులసంఘమునకు ఒక గట్టి చెంపదెబ్బ తగిలినది. 1968 జూను నెలలో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండునగరమున వారి వార్షికసభ జరిగెను. నల్లజాతి ప్రజల హక్కులకై పోరాడుచుండిన నేషనల్ అర్బన్ లీగ్ నాయకుడు విట్నీ యంగును ఉపన్యాసమునకు పిలిచిరి. ఆయన పొగడలేదు. నగరములలో దరిద్రులను ఒకచోట క్రుక్కి కట్టిన భవనములకు మీరును బాధ్యులు. పౌరహక్కుల విషయమున మీ మౌనము మిన్నుముట్టినది అను భావమును మొగము మీదనే చెప్పెను. అతిథి యిట్లు మాటలాడిన సభలు అరుదు. విని భరించిన సంఘములును అరుదు. ఆ సంఘము తరువాత ఆయన పేరనే ఒక పురస్కారమును నెలకొల్పెను. వార్షికసభలకు స్తోత్రపాఠకులనే పిలుచు సంఘముల కిది వినదగిన వృత్తాంతము.

అదే పోర్ట్‌లాండునకు 1983 లో బృందము వెళ్లెను. నగరమధ్యమునకు ఉత్తరమున రైల్వే యార్డులు, పాతగిడ్డంగులు గల ప్రదేశమొకటి నిరుపయోగముగ పడియుండెను. దానిని మనుష్యులు వసించు పేటగ మార్చవచ్చునని బృందము చూపెను. ఫలితము వెంటనే రాలేదు. పదునాఱేండ్లు గడచి 1999 లో ఆ ప్రదేశమును మూసియున్న లవ్‌జాయ్ మెట్టదారిని పడగొట్టిరి. 2001 లో ట్రాముబండి నడచెను. నేడు పెర్ల్ డిస్ట్రిక్ట్ అను పేరున ఆ పేట దేశమంతట ప్రసిద్ధము. గిడ్డంగులు చవుకగనున్నప్పుడు వచ్చి చేరిన చిత్రకారులలో పలువురు బాడుగలు పెరిగి వెడలిపోవలసివచ్చెననుటయు ఆ చరిత్రలోనిదే. సలహా మంచిదైనను దాని ఫలమును ఎవరు తిందురను ప్రశ్నకు పటములో జవాబుండదు.

1988 నాటి సంగతి మఱొకటి. పిట్స్‌బర్గునకు సమీపమున మొనంగహేలా నదీతీరపు ఉక్కుపట్టణములు అప్పటికి దిక్కులేనివయ్యెను. హోమ్‌స్టెడ్ అను చోటి మహాకర్మాగారము 1986 లో మూతబడెను. ఆ యేట పిట్స్‌బర్గున నగరపునర్నిర్మాణమును గూర్చి మహాసభ జరిగెను. అప్పటి యువరాజును, 2022 లో రాజైనవాడును అగు చార్లెస్ అందు పాల్గొనెను. అప్పుడు బ్రిటిషు, అమెరికా శిల్పులు కలసిన బృందమొకటి ఆ నదీలోయకు వెళ్లెను. కొలిమి చల్లారిన యూరివారి బాధను వేఱుగ వర్ణింపనక్కఱలేదు. మనవారు దాని నెఱుగుదురు. నాలుగుదినముల సలహాతో ఉక్కు తిరిగిరాదు, రాలేదు. బ్రిటిషు శిల్పులు మాత్రము ఆ పద్ధతి నేర్చుకొని పోయి, తమ దేశమున ప్రచారము చేసిరి. 1998 లో లండనునకు దక్షిణముననున్న కేటర్‌హామ్ అను నూర, ఖాళీచేసిన సైనికుల బారకాసులను గూర్చి ఇట్టి సమాలోచన జరుగగా వేయిమందికి పైగా వచ్చిరి. అయితే అచ్చట శిల్పులను నియమించినది ఆ స్థలమున ఇండ్లు కట్టబోవు కంపెనీయే. ఊరు బాగుపడెను, కాదనము. పద్ధతి సముద్రము దాటెను; వ్రతము దాటలేదు.

టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమును 1998 ఏప్రిలు 16 వ తేదీన సుడిగాలి కొట్టెను. నదికి ఆవలిదగు తూర్పుభాగము మిక్కిలి దెబ్బతినెను. అది అంతకుముందే చిరకాలముగ నిరాదరణకు గురియైన భాగము. మఱుసటియేడు బృందము వచ్చెను. వారు వెళ్లినతోడనే అచ్చటి నివాసులు తమలో తాము ఒక సంఘము నేర్పరచుకొని, నివేదికయందలి విషయములను ఒకటొకటిగ వెంటాడిరి. బృందములు ఎన్నియో ఊళ్లకు పోయినవి. ఇట్లు వెంటాడువారున్న యూళ్లలోనే ఫలితము కనబడినది.

నాలుగుదినములలో ఊరి మర్మమేమి తెలియునను ఆక్షేపము బలమైనదే. మన దేశమున దీనికి భిన్నమైన మార్గము నడచిన మహనీయు డొకడు కలడు. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డిస్, వృత్తిచే వృక్షశాస్త్రజ్ఞుడు, మదరాసు గవర్నరు లార్డు పెంట్లండు పిలుపుపై 1914 లో మన దేశమునకు వచ్చెను. ఆయన పురప్రదర్శనపు పటములు తెచ్చుచున్న నౌకను ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక ముంచివేసెను. మిత్రులు క్రొత్తపటములు సమకూర్చి పంపగా, 1915 లో మదరాసున ప్రదర్శన జరిగెను. పిమ్మట ఆయన ఈ రాజధానియందలి పట్టణములను కాలినడకన తిరిగి నివేదికలు వ్రాసెను. ఇరుకుపేటలను తిన్నని గీతలతో చీల్చుటకు ఆయన విరోధి. ఇచ్చటొక పాడుగోడ తీసి, అచ్చటొక చెట్టు నిలిపి, అవసరమైనంతయే కోసి రోగిని బ్రదికించు శస్త్రవైద్యుని మార్గము ఆయనది. వ్యయమును అందువలన మిక్కిలి తగ్గును. ఆయన వేతనము గైకొనువాడే. కాని ప్రజలను కలుపుకొను నేర్పున నిరుపమానుడు. 1918 లో నివేదిక వెలువడిన ఇందూరున, దీపావళి యూరేగింపు ఏ వీధులను శుభ్రము చేసికొనిరో ఆ వీధులవెంటనే పోవునని చాటించెను. ఇండ్లవారందఱు చీపుళ్లు పట్టిరి. ఊరేగింపున పాకీపనివారికి తెల్లబట్టలు, పూలదండలు. మహామారికి మూలమగు ఎలుక బొమ్మకు దహనము. అమెరికావారి బహిరంగసభకు అర్ధశతాబ్ది ముందే జరిగిన పౌరసభ యిది.

గెడ్డిస్ నెలలకొలది నడచి తెలిసికొన్నదానిని నాలుగుదినములలో ఎవడును తెలిసికొనలేడు. కాని ఈ బృందములు ఊరిని తెలిసికొనుటకంటె, ఊరికి తెలిసినదానిని ఊరిచే పలికించుటకే పోవుచున్నవని మాకు తోచుచున్నది. దాని కంత కాలము పట్టదు. పలికిన పిమ్మట చేయవలసినది మాత్రము ఊరిదే. సలహా చెప్పినవాడు విమానమెక్కును; వరద వచ్చినప్పుడు నీటిలో నుండువాడు ఊరివాడు.

ఈ మాట మేము అలంకారమునకై వ్రాయలేదు. మొదటి బృందము వెళ్లిన ర్యాపిడ్ సిటీలో అయిదేండ్లకు, 1972 జూను 9 వ తేదీ రాత్రి, కొండలపై కొన్నిగంటలలో కొన్నిచోట్ల పదునైదంగుళముల వాన కురిసెను. కాన్యన్ లేక్ చెఱువుకట్ట తెగి, ఏఱు పట్టణముమీద పడెను. 238 మంది మృతిచెందిరి. 1,335 ఇండ్లు నశించెను. తెల్లవాఱి చూడగా ఏటిగట్టున పేటలు లేవు. బ్రదికినవారు తమ స్థలములలోనే మరల ఇండ్లు కట్టుకొనగోరిరి. తాతతండ్రుల నేల విడుచుట ఎవరికి ఇష్టము? పట్టణాధికారులు ఒప్పుకొనలేదు. వరద పాఱిన మేర ఎవరును నిద్రించు ఇల్లు ఉండరాదని నిశ్చయించి, 1949 నాటి శాసనము వలన ఏర్పడిన పేటలు పడగొట్టు ధనమునే ఈసారి ఏటిగట్టున స్థలములు కొనుటకు వినియోగించిరి. ఆ నిర్ణయము 1967 నాటి సలహాకు ఫలమని మేము చెప్పము. దానిని చేసినవారు ఆ యూరివారే, ఆ దుఃఖమును పడినవారును వారే. నేడు ఆ యేటి యిరుప్రక్కల మైళ్లకొలది పచ్చికబయళ్లు, నడకదారులు, సైకిలుబాటలు ఉన్నవి. ఇండ్లుండినచోట పిల్లలు ఆడుకొందురు. చీకటిపడగనే అందఱును గట్టెక్కి తమ యిండ్లకు పోవుదురు.